బరువుల వ్యాయామం, ఆడవాళ్ల రక్తనాళాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాళ్ల నొప్పుల కోసమో, షుగర్ తగ్గాలనో, కూతురి పెళ్లిలోపు నాలుగు కిలోలు తగ్గాలనో బరువుల వ్యాయామం మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. రక్తనాళాల కోసం మొదలుపెట్టానని చెప్పినావిడ మాత్రం ఫిజియోథెరపిస్టుగా నాకు ఇంతవరకూ తగల్లేదు. బీపీ మాత్ర చేతికొచ్చాకే ప్రశ్నలన్నీ అటు తిరుగుతాయి. ఎక్కువమంది అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాశాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సింది చూసుకోండి. మీ ఒంటి సంగతి తెలిసిన డాక్టరు వేరేగా చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

రక్తనాళాలు బాగుండటమంటే కొలెస్ట్రాల్ పేరుకోకుండా ఉండటమేగా?

అదొక్కటే కాదు. కొవ్వు పేరుకోవడం ఏళ్ల తర్వాత బయటపడే సంగతి. అంతకు చాలా ముందే ధమని రెండు పనుల్లో వెనకబడుతుంది. మొదటిది, అవసరమైనప్పుడు వెడల్పవడం. మెట్లెక్కుతుంటే తొడ కండరాలకు రక్తం ఎక్కువ కావాలి, అక్కడి ధమనులు విప్పారాలి. రెండోది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ సాగి, మళ్లీ మామూలుగా కావడం.

వెడల్పయ్యే పనిని నడిపించేది ధమని లోపలి పొర, ఎండోథీలియం. ఒక్క కణం మందమే ఉంటుంది. రక్తం దాన్ని ఒరుసుకుంటూ పోతుంటే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తుంది. అది చుట్టూ ఉన్న కండరాన్ని సడలిస్తుంది. ఈ పొర గీకేసిన ధమనికి, విప్పారమని చెప్పే రసాయనం తగిలించినా విప్పారదని రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో కుందేలు ధమని మీద చూపించాడు. ఆ దారిలో సాగిన పరిశోధనకే 1998లో ఆయనకు, లూయిస్ ఇగ్నారోకు, ఫెరిద్ మురాద్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు ఆ వాయువు పేరు చెబితే బండ్ల పొగే గుర్తొచ్చేది.

సాగే గుణం తగ్గితే బీపీలో పై అంకె పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. గుండె కొట్టే ప్రతి దెబ్బా మెదడులో, కిడ్నీల్లో ఉండే సన్నటి నాళాల మీద నేరుగా పడుతుంది.

ఇందులో ఆడవాళ్లకు వేరేగా చెప్పాల్సింది ఏముంది?

చాలా ఉంది. ఈస్ట్రోజెన్ హార్మోన్ ఆ లోపలి పొర చేత నైట్రిక్ ఆక్సైడ్ బాగా తయారు చేయిస్తుంది. అందుకే వయసులో ఉన్నంతకాలం ఆడవాళ్ల ధమనులు మగవాళ్ల కంటే మెరుగ్గా పనిచేస్తాయి. డేవిడ్ సెలర్మేయర్ బృందం 1994లో ప్రచురించిన పరిశోధనలో మగవాళ్ల ధమనుల పనితీరు సుమారు 40 ఏళ్లకే తగ్గడం మొదలైంది. ఆడవాళ్లలో యాభై దాటేదాకా నిలకడగా ఉండి, ఆ తర్వాత మగవాళ్ల కంటే వేగంగా పడిపోయింది. మనదేశంలో నెలసరి సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతుంది. అమెరికాలో అది 51 దగ్గర. అంటే మనవాళ్లకు ఆ రక్షణ నాలుగైదేళ్లు ముందే పోతోంది.

ఇంకో సంగతి. ఒళ్లు చిన్నదన్న లెక్క తీసేసినా ఆడవాళ్ల గుండె ధమనులు సన్నమే. పెద్ద ధమనుల్లో అడ్డు లేకుండానే, కంటికి కనిపించని చిన్న నాళాల్లో తేడా రావడం కూడా ఆడవాళ్లలోనే ఎక్కువ. యాంజియోగ్రామ్ బాగానే ఉందంటారు, ఆయాసం మాత్రం పోదు. "అంతా టెన్షన్ వల్లేనమ్మా" అనిపించుకుని ఇంటికొచ్చినవాళ్లు మీ వీధిలోనూ ఉండే ఉంటారు.

కాన్పు సమయంలో బీపీ పెరిగినవాళ్లు, అంటే ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లు, గర్భంతో ఉండగా షుగర్ వచ్చినవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. ప్రసవంతో అది తగ్గిపోయిందనుకుంటాం. గుండె జబ్బు, పక్షవాతం ముప్పు మాత్రం తర్వాత కూడా మిగతావాళ్ల కంటే ఎక్కువే ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందటి కాన్పు అయినా సరే, డాక్టరుకు చెప్పండి. వాళ్లు అడగకపోతే మీరే చెప్పండి.

బరువు ఎత్తినప్పుడు నాళంలో అసలు ఏం జరుగుతుంది?

రెండు కిలోల డంబెల్ పట్టుకుని మోచెయ్యి మడిచారనుకోండి. కండరం బిగుసుకుని తన లోపలి నాళాలను నొక్కేస్తుంది, రక్తం కాస్త ఆగుతుంది. చెయ్యి దించి కండరం వదలగానే ఆగిన రక్తం ఒక్క ఉరుకున పోతుంది. తోటకు నీళ్లు పెట్టే పైపును కాలితో తొక్కి వదిలినట్టు. పదిసార్లు మడిస్తే పదిసార్లు ఈ ఉరుకు. ఆ ఒరిపిడే లోపలి పొరను లేపి పని చేయిస్తుంది. వారానికి రెండుసార్లు, కొన్ని నెలలపాటు ఇలా జరిగితే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే సత్తా పెంచుకుంటుంది.

మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు బరువు ఎక్కువున్న ఆడవాళ్ల చేత ఏడాదిపాటు ఓ మోస్తరు బరువుల వ్యాయామం చేయించారు. 2006లో ప్రచురించిన ఫలితాల్లో, వ్యాయామం చేసినవాళ్ల చేతి ధమని విప్పారే శక్తి పెరిగింది. దీన్ని కొలిచే పద్ధతి చూడటానికి సాదాగా ఉంటుంది. ముంజేతికి బీపీ పట్టీ లాంటిది కట్టి అయిదు నిమిషాలు బిగిస్తారు. వదిలాక రక్తం దూసుకొస్తుంది. అప్పుడు మోచేతి పైన ధమని ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌లో చూస్తారు.

ఇదంతా నాళం దగ్గర జరిగేది. దీనికి తోడు పక్కదారిన అందే లాభం మనవాళ్లకు ఇంకా పెద్దది. భోజనం చేశాక రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద వాటా కండరాలే తీసుకుంటాయి. కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ ఉండటం మన ఒంటి తీరు. సన్నగా కనిపించేవాళ్లకూ షుగర్ వచ్చేది అందుకే. షుగర్ వస్తే మొదట దెబ్బతినేది ఆ లోపలి పొరే. కండ పెంచుకుంటే షుగర్ అదుపులోకి వస్తుంది, ఆ మేరకు నాళాలూ బతుకుతాయి.

బరువులెత్తితే ధమనులు గట్టిపడతాయని ఎక్కడో చదివాను. నిజమేనా?

గాలివార్త కాదు, దాని వెనక పరిశోధనలు ఉన్నాయి. జపాన్‌లో మియాచి బృందం 2004లో ఆరోగ్యంగా ఉన్న యువకుల చేత నాలుగు నెలలు గట్టి బరువులు ఎత్తించింది. వాళ్ల మెడ ధమని సాగే గుణం తగ్గింది. మానేశాక మళ్లీ మామూలైంది. అమెరికాలో 2005లో వయసులో ఉన్న ఆడవాళ్ల మీద 11 వారాల పరిశోధన జరిగింది, అక్కడా కఠినమైన వ్యాయామంతో ధమనులు కొంచెం గట్టిపడ్డాయి. ఈ రెండూ చదివినవాళ్లు భయపడటంలో తప్పులేదు.

కానీ కథ అక్కడితో ఆగలేదు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ల చేత 18 వారాలు క్రమంగా బరువు పెంచుతూ చేయించిన పరిశోధన 2007లో వచ్చింది. వాళ్ల ధమనులు గట్టిపడలేదు. ఇలాంటివన్నీ ఒకచోట చేర్చి లెక్కగట్టినప్పుడు తేలింది ఏమిటంటే, గట్టిపడటం కనిపించేది ముఖ్యంగా చిన్న వయసులో చాలా భారీ బరువులు ఎత్తేవాళ్లలో. నడివయసువాళ్లలో అది కనిపించలేదు. బరువులతో పాటు నడక, సైకిల్ లాంటివి కూడా చేసినవాళ్లలో చిన్న వయసైనా ఆ తేడా రాలేదు.

నేను చెప్పేది ఇది. పాతికేళ్ల అమ్మాయి జిమ్‌లో వారానికి అయిదు రోజులు పెద్ద బరువులే ఎత్తుతూ, పరుగు అంటే మొహం చాటేస్తుంటే, చివర్లో ఇరవై నిమిషాలు సైకిలో, ట్రెడ్‌మిల్లో కలుపుకోమంటాను. యాభై ఏళ్లావిడ నాలుగు కిలోల డంబెల్ చూసి ధమనులు గట్టిపడతాయేమోనని వెనక్కి తగ్గితే, ఆ భయం ఆవిడకు చెందినది కాదంటాను.

ఎత్తేటప్పుడు బీపీ పెరుగుతుంది కదా, నరం చిట్లదా?

పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో 1985లో కెనడాలో మెక్‌డూగల్ బృందం బాడీబిల్డర్ల ధమనిలోకి నేరుగా గొట్టం పెట్టి కొలిచింది. రెండు కాళ్లతో భారీ బరువు నెడుతున్నప్పుడు సగటున 320/250 వచ్చింది. కళ్లు తిరిగే అంకెలే. అయితే వాళ్లు ఊపిరి బిగబట్టి, ఇక చేతకాదన్నంత వరకూ లాగిన మగవాళ్లు.

ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఊపిరి గురించి. నోరు మూసి, ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. కష్టపడే భాగంలో ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు వదలండి, కూర్చునేటప్పుడు పీల్చండి. చెప్పడం తేలికే, చేసేటప్పుడు అందరూ మర్చిపోతారు. పెదాలు బిగుసుకుంటాయి, మెడ నరాలు తేలతాయి, మొహం ఎర్రబడుతుంది, తను ఊపిరి ఆపానని ఆవిడకే తెలియదు. అందుకని నేను పైకి లెక్కపెట్టమంటాను. "ఒకటి... రెండు... మూడు..." అని గట్టిగా అంటున్నంతసేపు ఊపిరి బిగబట్టడం కుదరదు. పక్కగదిలో అత్తగారు నవ్వినా పరవాలేదు.

వ్యాయామం అయిపోయాక కొన్ని గంటలపాటు బీపీ మామూలు కంటే కాస్త తగ్గుతుంది. ఎత్తిన వెంటనే బీపీ మిషన్ పెట్టుకుని వచ్చిన అంకె చూసి కంగారుపడకండి. కనీసం అరగంట ఆగండి.

నాకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. నేను చేయవచ్చా?

మాత్రతో అదుపులో ఉంటే చేయవచ్చు, చేయాలి కూడా. 180/110 దాటి ఉంటే ఆ రోజు వద్దు, ముందు డాక్టరును చూడండి. షుగర్ వల్ల కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్లు, ధమని ఎక్కడైనా ఉబ్బి ఉందని చెప్పించుకున్నవాళ్లు, గుండె వాల్వు బాగా ఇరుకైనవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా బరువుల జోలికి పోకూడదు.

బీపీ ఎంత తగ్గుతుందంటే, 270 పరిశోధనలను, సుమారు 15,800 మందిని కలిపి లెక్కగట్టిన పత్రం 2023లో వచ్చింది. మామూలు బరువుల వ్యాయామంతో పై అంకె సగటున 4.5 పాయింట్లు, కింది అంకె 3 పాయింట్లు తగ్గింది. నడక, పరుగు లాంటివాటితో పై అంకె దాదాపు అంతే తగ్గింది. రెండూ కలిపితే 6. ఒక మాత్ర చేసే పనికి కొంచెం ఇటూ అటూ. అలాగని మాత్ర మానేయకండి. రెండు నెలలు చేశాక అంకెలు తగ్గితే, రాసుకున్న కాగితం డాక్టరుకు చూపించండి. మోతాదు తగ్గించాలా వద్దా అన్నది ఆయన తేల్చాలి.

కొన్ని బీపీ మాత్రలతో, పడుకుని చేసే వ్యాయామం నుంచి గబుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని, అప్పుడు లేవండి.

గోడకుర్చీ వేస్తే బీపీ తగ్గుతుందట. యూట్యూబ్‌లో చూశాను.

బళ్లో హోంవర్క్ చేయకపోతే వేయించిన గోడకుర్చీయే. ఇప్పుడు వైద్య పత్రికల్లోకి ఎక్కింది. పైన చెప్పిన 2023 పత్రంలోనే, కదలకుండా కండరం బిగించి ఉంచే వ్యాయామాలు అన్నింటికంటే ముందు నిలిచాయి. పై అంకె సగటున 8, కింది అంకె 4 తగ్గాయి. వాటిలోనూ పై అంకె తగ్గించడంలో గోడకుర్చీదే పైచేయి.

వేసే పద్ధతి: వీపు గోడకు ఆనించండి. పాదాలు గోడకు రెండడుగుల దూరంలో, భుజాల వెడల్పున ఉంచండి. మెల్లగా కిందికి జారండి. బళ్లోలాగా పూర్తిగా కుర్చీ ఆకారం వచ్చేదాకా దిగక్కర్లేదు. రెండు నిమిషాలు ఆగగలిగినంత ఎత్తులోనే ఉండండి. మొదటి నిమిషం ఏమీ అనిపించదు. రెండో నిమిషంలో తొడలు వణుకుతాయి, అప్పుడే ఊపిరి బిగబట్టబుద్ధేస్తుంది. మాట్లాడుతూ ఉండండి. రెండు నిమిషాలు వేసి రెండు నిమిషాలు విశ్రాంతి, ఇలా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. మొదట్లో ముప్పై సెకన్లే చేయగలిగితే ముప్పై సెకన్లే వేయండి. టైల్స్ మీద సాక్సులతో వేయకండి, జారతారు. చీర అయితే కుచ్చిళ్లు పైకి దోపుకోండి.

మోకాలి చిప్ప దగ్గర నొప్పి పుడితే కాస్త పైకి జరగండి. అయినా తగ్గకపోతే మీకిది వద్దు. గోడకుర్చీ ఒక్కటే వేసుకుంటూ మిగతావి మానేయడం కూడా మంచిది కాదు. చేతులకు, వీపుకు దానివల్ల ఒరిగేది లేదు.

రోజూ నలభై నిమిషాలు వాకింగ్ చేస్తాను. అది చాలదా?

వాకింగ్ మానమని ఎవరూ అనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహాలో వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలంది. అదే సలహాలో వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని పెట్టే వ్యాయామం కూడా ఉండాలంది. మొదటి సగమే మనకు చేరింది.

నడక ప్రభావం నెలసరి ఆగిన ఆడవాళ్ల మీద కాస్త వేరుగా ఉంటుంది. ఆ వయసు మగవాళ్లు క్రమం తప్పకుండా నడిస్తే ధమని లోపలి పొర పనితీరు మెరుగవుతుంది. అదే నడకతో, ఈస్ట్రోజెన్ తీసుకోని ఆడవాళ్లలో ఆ లాభం తక్కువగా కనిపిస్తోంది, కొన్ని పరిశోధనల్లో అసలు కనిపించలేదు. కొలరాడోలో కెర్రీ మోరో బృందం దీని మీద చాలాకాలంగా పనిచేస్తోంది. నడకతో గుండె దమ్ము, షుగర్, నిద్ర, మనసు బాగుపడతాయి, వాటిలో సందేహం లేదు. ఈ ఒక్క చోట మాత్రం దానికి తోడు కావాలి.

2024లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం నాలుగు లక్షల పైచిలుకు అమెరికన్లను గమనించింది. కండర వ్యాయామం చేసే ఆడవాళ్లలో, చేయని ఆడవాళ్లతో పోలిస్తే గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు 30 శాతం తక్కువ. మగవాళ్లలో ఆ తేడా 11 శాతమే. ఇది గమనించి రాసింది, వ్యాయామం చేయించి చూసింది కాదు. బరువులెత్తే ఆడవాళ్లకు మిగతా మంచి అలవాట్లు కూడా ఉండి ఉండవచ్చు. 30కి 30 డంబెల్ ఖాతాలో వేయలేం. అయినా అంత తేడా కొట్టిపారేయదగ్గది కాదు.

ఇంటిపని, పొలం పని చేస్తాం. అది బరువుల వ్యాయామం కాదా?

పొలం పనికి వెళ్లే ఆవిడ అడిగితే ఒక జవాబు, అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆవిడ అడిగితే ఇంకో జవాబు.

రోజంతా నాట్లు వేసి, కలుపు తీసి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషికి డంబెల్స్ గురించి ఉపన్యాసం ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. ఆవిడ కండరాలకు పనికేం లోటు లేదు. గంటలకొద్దీ నడుం వంచి ఉండటమే బాధ. ఆవిడకు కావాల్సింది వంగిన నడుముకు ఎదురు వ్యాయామాలు, కడుపునిండా పప్పు, కంటినిండా నిద్ర, ఏడాదికోసారి బీపీ, షుగర్ పరీక్ష.

ఇంట్లో తుడవడం, వంట, బట్టలు ఆరేయడం కదలికే, కూర్చోవడం కంటే వెయ్యి రెట్లు నయం. కానీ అందులో బరువు పెరగదు. పదేళ్ల కిందట ఎత్తిన బకెట్టే ఇప్పుడూ ఎత్తుతున్నారు, అదీ ఎప్పుడూ కుడిచేత్తోనే. కండరం కొత్తగా బలపడాలంటే దానికి అలవాటు లేని బరువు తగలాలి. మన దేశంలో చాలినంత శ్రమ చేయని ఆడవాళ్లు 57 శాతమని, మగవాళ్లు 42 శాతమని 2022 నాటి లెక్కల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అంచనా వేశారు. ఇంట్లో క్షణం తీరిక లేని మనిషి కూడా ఆ 57లో ఉండవచ్చు. తీరిక లేకపోవడం, శ్రమ చేయడం రెండూ వేరు.

ఎంత బరువు? వారానికి ఎన్నిసార్లు? జిమ్‌కే వెళ్లాలా?

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. జిమ్ తప్పనిసరి కాదు. కాళ్లు, తుంటి, వీపు, ఛాతీ, భుజాలు, చేతులు, పొట్ట అన్నీ తగిలేలా ఎనిమిది నుంచి పది వ్యాయామాలు. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు. అలా ఆపకుండా చేసే ఒక విడతను సెట్టు అంటారు, మొదటి నెల ఒక్కో సెట్టు చాలు.

ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టవచ్చు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, అది తేలికయ్యాక గుంజీలు. గోడకు చేతులు ఆనించి పుష్‌అప్. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకి లేపడం. కిటికీ ఊచకు రబ్బరు బ్యాండ్ కట్టి వెనక్కి లాగడం. మడమలు ఎత్తి మునివేళ్ల మీద నిలబడటం. లీటరు నీళ్ల సీసా అంటే కిలో, ఇసుక నింపితే ఇంకా బరువు. చేతి సంచిలో కిలో బియ్యం ప్యాకెట్లు ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవచ్చు. రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడవడం నాకు చాలా ఇష్టమైన వ్యాయామం. పట్టు, భుజాలు, నడుము మూడూ పనిచేస్తాయి.

బరువు సరైనదా అంటే, చివరి రెండుసార్లూ కష్టంగా ఉండాలి, అయినా ఇంకో రెండుసార్లు చేయగలననిపించాలి. పన్నెండు తేలిగ్గా అయిపోతుంటే కొంచెం పెంచండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కిలో డంబెల్స్ కొని రెండేళ్లు అవే తిప్పుతుంటారు. పింక్ రంగు బాగుంటుంది, కాదనను.

మగవాళ్లలా కండలు వచ్చేస్తాయేమో?

రావు. కండను పెంచే టెస్టోస్టెరాన్ హార్మోన్ ఎదిగిన ఆడవాళ్లలో మగవాళ్లతో పోలిస్తే పదిహేనో వంతు దాకా మాత్రమే ఉంటుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి, ఏళ్ల తరబడి రోజంతా సాధన చేస్తే 69 కిలోల విభాగానికి చేరింది. మీరు చేసేది వారానికి రెండు అరగంటలు.

నెలసరి రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు చేయవచ్చా?

నెలసరిలో చేయవచ్చు. ఓపిక లేని రోజు మానేయండి, అంతే. గర్భిణికి ఏ ఇబ్బందీ లేదని డాక్టరు చెబితే తేలికపాటి బరువులు మంచివే. నాలుగో నెల దాటాక ఎక్కువసేపు వెల్లకిలా పడుకుని చేసేవి వద్దు, ఊపిరి అసలే బిగబట్టవద్దు. బీపీ పెరిగినా, రక్తస్రావం కనిపించినా ఆపేయాలి. సిజేరియన్ తర్వాత చెకప్‌లో సరేనన్నాకే బరువులు, ముందు నడక.

కాళ్లలో వెరికోస్ వెయిన్స్ ఉన్నాయి. ఎక్కువైపోతాయా?

అవి సిరలు, ఇంతవరకూ మాట్లాడుకున్నవి ధమనులు. సిరల్లో రక్తం పైకి చేరడానికి పిక్క కండరం పంపులా పనిచేస్తుంది. మడమలెత్తే వ్యాయామం దానికి నేరుగా బలమిస్తుంది. ఊపిరి బిగబట్టి భారీ బరువులెత్తితేనే సిరల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒకే కాలు ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే వ్యాయామం కాదు, ఆ రోజే ఆసుపత్రి. సిరలో గడ్డ కట్టి ఉండవచ్చు.

ప్రోటీన్ పౌడర్ తాగాలా?

అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ప్లేటులో అన్నం కొండలా, పప్పు మచ్చుకలా ఉంటే అది అందదు. పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు, వేరుశనగలు పెంచుకోండి, అన్నం ఆ మేరకు తగ్గించండి. 2024లో ఆ సంస్థ ఇచ్చిన ఆహార సూచనల్లోనూ పౌడర్లు వద్దనే ఉంది.

నాళాల విషయంలో పౌడర్ కంటే ఉప్పు పెద్ద సమస్య. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటకూడదు. కూరలో, పెరుగన్నంలో, ఆవకాయలో, అప్పడంలో, ఊరమిరపకాయలో పడేదంతా కలిపి ఆ చెంచాలోనే సరిపోవాలి.

తేడా ఎప్పటికి తెలుస్తుంది? ధమనులు గట్టిపడ్డాయో లేదో పరీక్ష చేయించుకోవాలా?

బలం మూడు నాలుగు వారాల్లోనే తెలుస్తుంది, అంతకుముందు కష్టంగా ఎత్తింది తేలిగ్గా ఎత్తుతారు. బీపీలో తేడాకు రెండు మూడు నెలలు పడుతుంది. మానేస్తే వచ్చిన లాభం కొన్ని వారాల్లోనే కరగడం మొదలవుతుంది.

ధమని గట్టిదనాన్ని, గుండె దెబ్బ అల ఎంత వేగంగా ప్రయాణిస్తుందో చూసి కొలుస్తారు. మెడ నుంచి తొడ దాకా ఆ వేగం సెకనుకు 10 మీటర్లు దాటితే గట్టిపడినట్టు లెక్క. పరిశోధనకు అది పనికొస్తుంది. హెల్త్ ప్యాకేజీలో కలిపారని మీరు డబ్బు పెట్టక్కర్లేదు. ఆ డబ్బుతో ఇంటికి మంచి బీపీ మిషన్ కొనుక్కోండి, చేతి పైభాగానికి కట్టేది.

కొన్నాక సరిగ్గా చూసుకోండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్లు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. జాకెట్ చెయ్యి బిగుతుగా ఉంటే దాన్ని పైకి మడవకండి, ఆ మడతే చేతిని నొక్కి అంకె మారుస్తుంది. వదులు నైటీయో, చేతుల్లేనిదో వేసుకుని, పట్టీని నేరుగా ఒంటికే కట్టండి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. కాఫీ తాగిన అరగంటలోపు, ఇంట్లో గొడవ జరుగుతుండగా చూసుకోకండి.

ఎప్పుడు వెంటనే ఆపాలి?

ఛాతీలో నొప్పి, బరువు, పట్టేసినట్టు ఉండటం. అది దవడకో, ఎడమ చేతికో, వీపుకో పాకడం. శ్రమకు మించిన ఆయాసం, చల్లటి చెమట, వాంతి వచ్చేలా ఉండటం. కళ్లు తిరగడం, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం. ఎప్పుడూ లేనంత భరించలేని తలనొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం.

గుండెపోటులో ఆడవాళ్లకు కూడా ఛాతీ నొప్పే ఎక్కువగా వస్తుంది, కానీ ఆయాసం, వీపు నొప్పి, వికారం లాంటివి మగవాళ్ల కంటే ఎక్కువగా తోడవుతాయి. దాంతో గ్యాస్ అనుకుని సోడా తాగి, పిల్లల క్యారేజీ సర్ది, తెల్లారాక వెళ్దామని పడుకుంటారు. అలా చేయకండి. పది నిమిషాల విశ్రాంతికి తగ్గకపోయినా, పక్షవాతం లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా, స్కూటీ మీద కాదు, 108కి ఫోన్ చేసి వెళ్లండి.